దగ్గరి పోరు నియమాలు: అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ ఆడే మన సరిహద్దు జిల్లాల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ అనే ఈ యుద్ధపు బోర్డు ఆట ఆడే తెలుగువాళ్ళం కొద్దిమందిమే. పెట్టె ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. మిగతావాళ్ళు రైలెక్కి వస్తారు, వీలుకాకపోతే వాసల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నెట్ మీద ఆడతారు. నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఆట మధ్యలో వచ్చే వాదన మాత్రం తెలుగులోనే సాగుతుంది, ఒడియా స్నేహితులు కూర్చుంటే సగం ఒడియాలో. ఆ వాదనల్లో చాలావరకు క్లోజ్ కంబాట్, అంటే దగ్గరి పోరు, దగ్గరే మొదలవుతాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు కూడా చదవాలని తేలిక మాటల్లోనే రాశాను.

ముందుగా ఒక్క విషయం. క్లోజ్ కంబాట్‌లో వచ్చే తికమకలన్నిటికీ మూలం ఒకటే: కాల్పులకు అలవాటుపడిన లెక్కల్ని ఇక్కడికి మోసుకొస్తున్నాం. గోడ, దూరం, మోరేల్ (దళం ధైర్యం), మెషిన్ గన్ లాంటివి కాల్పుల్లో మనల్ని కాపాడతాయి. శత్రువుతో ఒకే హెక్స్‌లోకి, అంటే బోర్డు మీది ఒకే ఆరు మూలల గడిలోకి, దిగగానే అవన్నీ లెక్కలోంచి పోతాయి. అక్కడ మిగిలేవి రెండే: ఎవరి బలం ఎంత, ఎవరు ఎవరిని ముందుగా పట్టుకున్నారు. ఈ రెండూ మనసులో పెట్టుకుంటే కింది జవాబుల్లో సగం మీకే తడతాయి.

అసలు ఈ ఆట ఏమిటి? ఇందులో దగ్గరి పోరు ఎక్కడ వస్తుంది?

రెండో ప్రపంచ యుద్ధంలో చిన్న చిన్న దళాల పోరాటాన్ని బోర్డు మీద ఆడే ఆట ఇది. జాన్ హిల్ రూపొందించిన స్క్వాడ్ లీడర్‌ను అవలాన్ హిల్ కంపెనీ 1977లో తెచ్చింది. దాన్ని పూర్తిగా తిరగరాసి 1985లో అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌గా విడుదల చేశారు. ఇప్పుడు మల్టీ-మ్యాన్ పబ్లిషింగ్ వాళ్ళు ప్రచురిస్తున్నారు. ఒక హెక్స్ అంటే నేల మీద 40 మీటర్లు, ఒక టర్న్ అంటే సుమారు 2 నిమిషాలు.

ప్రతి ఆటగాడి టర్న్‌లో 8 దశలు ఉంటాయి: ర్యాలీ (చెదిరినవాళ్ళను కూడదీయడం), ప్రెప్ ఫైర్ (కదలకముందు కాల్పులు), మూవ్‌మెంట్, డిఫెన్సివ్ ఫైర్ (ఎదుటివాడి కాల్పులు), అడ్వాన్సింగ్ ఫైర్ (కదిలాక కాల్పులు), రౌట్ (చెదిరినవాళ్ళు పారిపోవడం), అడ్వాన్స్ (ఒక్క హెక్స్ ముందుకు), చివరగా క్లోజ్ కంబాట్. అది చివర్లో రావడం వెనుక పెద్ద అర్థమే ఉంది. అప్పటికి కాల్పులన్నీ అయిపోయి ఉంటాయి, పారిపోవాల్సినవాళ్ళు పారిపోయి ఉంటారు. ఇంకా నిలబడి ఉన్నవాళ్ళ మధ్యే ఈ పోరు.

అన్నా, శత్రువు ఉన్న హెక్స్‌లోకి మూవ్‌మెంట్ దశలోనే నేరుగా దూరిపోవచ్చా?

మామూలు దళం దూరకూడదు. మూవ్‌మెంట్‌లో పక్క హెక్స్ దాకా వెళ్ళాలి, ఆ దారిలో వచ్చే కాల్పులు తట్టుకోవాలి, ఆ తర్వాత అడ్వాన్స్ దశలో ఒక్క హెక్స్ ముందుకేసి లోపలికి దిగాలి. బెర్సర్క్ అయిన (ఒళ్ళు తెలియక మీదికి ఉరికే) దళం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అవి వచ్చినప్పుడు పుస్తకం తెరిచి చూసుకోండి, ముందే బట్టీ పట్టక్కర్లేదు.

ప్రెప్ ఫైర్ చేసిన దళం అదే టర్న్‌లో అడ్వాన్స్ చేయవచ్చా?

చేయవచ్చు. కొత్తవాళ్ళలో చాలామంది కుదరదనే అనుకుంటారు. ప్రెప్ ఫైర్ చేసిన దళానికి మూవ్‌మెంట్ దశలో కదలిక ఉండదు, అంతవరకే. అడ్వాన్స్ దశలో అది పక్క హెక్స్‌లోకి వెళ్ళవచ్చు, అక్కడ శత్రువు ఉంటే క్లోజ్ కంబాట్‌కు దిగవచ్చు. బ్రోకెన్ అయిన (ధైర్యం చెదిరిన) దళం, పిన్ అయిన (కాల్పులకు నేలకు కరుచుకున్న) దళం మాత్రం అడ్వాన్స్ చేయలేవు.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఆట నడకనే మార్చేస్తుంది. ఇప్పటికే శత్రువు పక్కన ఉన్న దళంతో ముందు కాల్చి, అతను చెదిరితే సరే, చెదరకపోతే అదే టర్న్ చివర్లో మీద పడవచ్చు.

అడ్వాన్స్ చేస్తున్నప్పుడు అవతలివాడు కాల్చవచ్చా?

కాల్చకూడదు. అడ్వాన్స్ దశలో డిఫెన్సివ్ ఫైర్ లేదు. కాల్పులకు భయపడాల్సింది పక్క హెక్స్ దాకా చేరేటప్పుడే. ఆఖరి అడుగులో తుపాకీ భయం ఉండదు, లోపల జరగబోయే పోరు భయమే ఉంటుంది.

బలాల లెక్క ఎలా వేయాలి? 8కి 4 అంటే 2-1 అని తెలుసు, ఆ తర్వాత ఏం చేయాలో ప్రతిసారీ గొడవే.

ఒకసారి నిదానంగా చూద్దాం. దళానికి గుర్తుగా బోర్డు మీద పెట్టే అట్ట ముక్కే కౌంటర్, దాని మీద మూడు అంకెలుంటాయి. జర్మన్ 4-6-7లో మొదటి 4 ఫైర్‌పవర్ (కాల్పుల బలం), 6 దూరం, 7 మోరేల్. క్లోజ్ కంబాట్‌లో పనికొచ్చేది మొదటి అంకె ఒక్కటే. దాడి చేసేవాళ్ళ ఫైర్‌పవర్ మొత్తాన్ని, దాడికి గురయ్యేవాళ్ళ ఫైర్‌పవర్ మొత్తంతో పోల్చి నిష్పత్తి తీయాలి. పట్టికలో ఆ నిష్పత్తికి ఎదురుగా ఒక అంకె ఉంటుంది: 1-2కి 4, 1-1కి 5, 3-2కి 6, 2-1కి 7, 3-1కి 8. రెండు పాచికలు వేసి, కలిపేవీ తీసేవీ ఉంటే చేసి, వచ్చిన మొత్తాన్ని ఆ అంకెతో పోల్చాలి. తక్కువ వస్తే దాడికి గురైనవాళ్ళందరూ పోయినట్టే. సరిగ్గా సమానంగా వస్తే వాళ్ళలో ఒకరికి నష్టం, అంటే స్క్వాడ్ అయితే సగం స్క్వాడ్ అవుతుంది, సగం స్క్వాడ్ అయితే పోతుంది, లీడర్ అయితే గాయపడతాడు. ఆ ఒకరు ఎవరనేది పాచికే తేలుస్తుంది. ఎక్కువ వస్తే ఏమీ జరగదు.

ఇప్పుడు బోర్డు దగ్గరికి రండి. రెండు జర్మన్ 4-6-7లు ఒక రష్యన్ 4-4-7 ఉన్న ఇంట్లోకి దిగాయి. అర అంగుళం కౌంటర్లు మూడూ ఒకే హెక్స్‌లో, వాటి మీద సీసీ (క్లోజ్ కంబాట్) అని రాసిన కౌంటర్. 8కి 4, అంటే 2-1, పట్టికలో 7. రెండు పాచికలకు మొత్తం 36 రకాల ఫలితాలు. వాటిలో 15సార్లు 6 లేదా అంతకన్నా తక్కువ వస్తుంది, అప్పుడు రష్యన్ దళం పోతుంది. 6సార్లు సరిగ్గా 7 వస్తుంది, అది సగమవుతుంది. మిగిలిన 15సార్లు దానికి ఏమీ కాదు. రెట్టింపు బలంతో వెళ్ళినా ఇంతే. "ఇద్దరం వెళ్ళాం, ఒక్కడు మిగిలిపోవడం ఏమిటి" అని పాచికను తిట్టుకునేవాళ్ళు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

రష్యన్ ఆటగాడు ఊరికే కూర్చోడు. అతనికి రెండు దారులు. ఇద్దరినీ కలిపి కొడితే 4కి 8, అంటే 1-2, పట్టికలో 4: 36లో 3సార్లు ఇద్దరూ పోతారు, 3సార్లు ఒకరు సగమవుతారు. ఒక్కరి మీదే గురిపెడితే 1-1, పట్టికలో 5: 6సార్లు ఆ దళం పోతుంది, 4సార్లు సగమవుతుంది. ఇద్దర్నీ తుడిచేయాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది, కానీ నా ఓటు ఎప్పుడూ రెండోదానికే.

నిష్పత్తి సరిగ్గా కుదరకపోతే ఎప్పుడూ దాడికి గురయ్యేవాడికి లాభంగా సవరించాలి. అమెరికన్ 6-6-6, జర్మన్ 4-6-7 మీద పడితే 6కి 4, సరిగ్గా 3-2. జర్మన్ తిరిగి కొడితే 4కి 6. అది 1-1 కాదు కాబట్టి 1-2కి దిగుతుంది. 5కి 4 అయినా 1-1 మాత్రమే. ఒక్క అంకె ఎక్కువుంది కదా అని ధీమాగా దిగినవాళ్ళకు ఆ ఒక్కటీ ఏమీ ఇవ్వదు.

నా దళం రాతి భవనంలో ఉంది. కాల్పులకు +3 రక్షణ ఉంటుంది. క్లోజ్ కంబాట్‌లో కూడా ఉంటుందా?

ఉండదు. ఈ జవాబు విన్నప్పుడు అందరి మొహమూ ఒక్కలాగే మారుతుంది. ఆటంతా ఆ గోడల వెనుక కూర్చుని ధైర్యంగా ఉన్నారు, ఇప్పుడు అదే గది లోపల శత్రువు ఉన్నాడు. గోడ ఇద్దరికీ ఒకటే. రాతి ఇల్లైనా, చెక్క ఇల్లైనా, పొదలైనా, బయలైనా, క్లోజ్ కంబాట్ దాడికి నేల అంకె కలవదు.

మోరేల్ సంగతీ అంతే. ఇక్కడ మోరేల్ చెక్ అనేదే లేదు. మోరేల్ 8 ఉన్న మేటి దళమైనా, 6 ఉన్న పచ్చి దళమైనా, ఫైర్‌పవర్ సమానమైతే పోరు సమానమే. కాల్పుల్లో బాగా నిలబడే దళాన్ని కాల్పులతో లొంగదీయడం కష్టం కాబట్టి దగ్గరికెళ్ళి తేల్చుకోవాలన్న ఆలోచన అందుకే వస్తుంది. 1942లో స్టాలిన్‌గ్రాడ్ ట్రాక్టర్ ఫ్యాక్టరీలో, బారికేడీ, రెడ్ అక్టోబర్ ఫ్యాక్టరీల్లో గది గదికీ పోరాటం జరిగింది. ఫ్యాక్టరీ గోడల మధ్య సాగే సీనారియోలు (ముందే సిద్ధం చేసిన పోరు సన్నివేశాలు) ఆడినప్పుడు ఈ నియమం ఎందుకు ఇలా ఉందో పుస్తకం చదవకుండానే అర్థమవుతుంది.

మెషిన్ గన్ ఫైర్‌పవర్ కలుపుకోవచ్చా?

కలుపుకోకూడదు. దళం సొంత ఫైర్‌పవర్ మాత్రమే లెక్కలోకి వస్తుంది. మెషిన్ గన్ మోస్తున్న 4-6-7, మోయని 4-6-7 ఇక్కడ ఒక్కటే.

ముందు ఎవరు చెప్పాలి, ముందు ఎవరు వేయాలి?

ఎవరి టర్న్ నడుస్తోందో వాళ్ళు ముందుగా తమ దాడులన్నీ ప్రకటించాలి: ఏ దళం ఎవరి మీద, కలిసా విడిగానా. అది విన్నాక అవతలివాళ్ళు తమవి ప్రకటిస్తారు. అంటే విని నిర్ణయించుకునే వెసులుబాటు రక్షించుకునేవాడిదే. ఒక క్లోజ్ కంబాట్ దశలో ఒక దళం ఒక్కసారే దాడి చేస్తుంది, ఒక్కసారే దాడికి గురవుతుంది. ఒకే దళాన్ని రెండుసార్లు విడివిడిగా కొట్టడం కుదరదు, కొట్టాలంటే బలం కలుపుకుని ఒక్కసారే కొట్టాలి.

పాచికలు ఎవరు ముందు వేసినా ఒకటే, ఎందుకంటే రెండు వైపులవీ ఒకేసారి జరిగినట్టు లెక్క. నా పాచికకు మీ దళం పోయినా, మీరు ప్రకటించిన దాడి జరిగి తీరుతుంది. ఇద్దరూ పోవచ్చు. మా దగ్గర పోయిన కౌంటర్‌ను వెంటనే తీయరు, తలకిందులు చేసి ఉంచుతారు. రెండు వైపులా వేయడం అయ్యాకే తీస్తారు. కౌంటర్ కళ్ళ ముందు లేకపోతే దాని దాడి కూడా మర్చిపోతాం.

ట్యాంకుల సంగతి పక్కన పెడితే, ఒకేసారి అన్న ఈ నియమాన్ని పగలగొట్టేది ఒక్కటే, ఆంబుష్, అంటే మాటు.

ఆంబుష్ ఎప్పుడు వస్తుంది? ప్రతిసారీ పాచిక వేయాలా?

ప్రతిసారీ వేయక్కర్లేదు. ఇంట్లోకో, చెట్ల హెక్స్‌లోకో అడ్వాన్స్ చేసి పోరుకు దిగినప్పుడు వేయాలి. లేదా కన్సీల్‌మెంట్ కింద, అంటే ఎవరో తెలియకుండా ప్రశ్న గుర్తు కౌంటర్ కింద, దాగి ఉన్న దళం ఆ పోరులో ఉన్నప్పుడు వేయాలి. బయలు నేలలో, అందరూ కనిపిస్తూ ఉంటే ఆంబుష్ లేదు.

రెండు వైపులా ఒక్కో పాచిక వేస్తారు. తక్కువ వచ్చినవాడిదే మాటు, కానీ తేడా కనీసం 3 ఉండాలి. నాకు 2, మీకు 5 అయితే నేను మాటు వేసినట్టు. నాకు 2, మీకు 4 అయితే ఏమీ లేదు, మామూలుగా ఒకేసారి పోరు.

మాటు దొరికినవాడు ముందు కొడతాడు. ఆ దెబ్బకు పోయినవాళ్ళు తిరిగి కొట్టలేరు. పైగా మాటు వేసినవాడి దాడికి పాచికల్లోంచి 1 తీస్తారు, చిక్కినవాడి దాడికి 1 కలుపుతారు. మన ఉదాహరణలో జర్మన్లకు మాటు దొరికితే 15సార్లు కాదు, 36లో 21సార్లు రష్యన్ దళం తిరిగి కొట్టకుండానే పోతుంది, మరో 5సార్లు సగమవుతుంది.

దాగి ఉన్న వైపుకు ఆంబుష్ పాచికలోంచి 2 తీసేస్తారు. ఆ 2 విలువ చూడండి. ఎవరికీ ఏమీ కలపకపోతే, రెండు పాచికల 36 ఫలితాల్లో ఒక్కో వైపుకు మాటు దొరికేది 6సార్లు. ఒకవైపు దాగి ఉంటే ఆ వైపుకు 15సార్లు దొరుకుతుంది, అవతలివైపుకు 1సారి మాత్రమే. ఈ ఆటలో ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చేది నాకు మరొకటి కనిపించదు. అందుకే ప్రశ్న గుర్తు కౌంటర్ కింద ఉన్న దళంతో తొందరపడి కాల్చి బయటపడిపోవద్దు. అది ఊరుకుంటే శత్రువు ఆ ఇంట్లోకి అడుగు పెట్టడానికి పదిసార్లు ఆలోచిస్తాడు.

అలసిపోయిన దళానికి, అంటే సీఎక్స్ కౌంటర్ పడినదానికి, ఆంబుష్ పాచికకు 1 కలుస్తుంది. పరిగెత్తించి, ఆయాసపడుతున్నవాళ్ళనే ఇంట్లోకి పంపడం ఎందుకు మంచిది కాదో ఇక్కడే తెలుస్తుంది.

లీడర్‌ను కూడా లోపలికి పంపాలా?

లాభం ఉంది, కానీ ధర కూడా ఉంది. క్లోజ్ కంబాట్‌లో లీడర్‌కు 1 ఫైర్‌పవర్ ఉంటుంది, దళంతో కలిసి దాడి చేస్తే అతని లీడర్‌షిప్ అంకె కూడా పాచికలకు పనిచేస్తుంది. 9-1 లీడర్ (9 మోరేల్, -1 లీడర్‌షిప్) తోడుంటే దాడి పాచికల్లోంచి 1 తగ్గుతుంది. రక్షణలో లీడర్ ఒక స్క్వాడ్‌తో జతకట్టవచ్చు, ఎవరితో అన్నది దాడులు ప్రకటించకముందే చెప్పాలి. చెప్పకుండా ఒంటరిగా వదిలేస్తే 4 ఫైర్‌పవర్ దళం అతని మీద 4-1తో పడుతుంది.

నా మట్టుకు నేను 10-2 లీడర్‌ను లోపలికి పంపను. కాల్పుల్లో అతను చేసే మేలు ఆటంతా సాగుతుంది, ఇక్కడ ఒక్క పాచికతో పోతుంది. 8-0ని పంపడానికి మాత్రం వెనకాడను. ఈ విషయంలో మా ఇచ్ఛాపురం స్నేహితుడు నాతో ఒప్పుకోడు, పెద్ద లీడర్‌ను వాడాల్సింది సరిగ్గా ఇలాంటి చోటే అంటాడు. ఆఖరి టర్న్‌లో ఆ ఒక్క ఇంటి మీదే గెలుపు ఆధారపడి ఉంటే అతని మాటే సరి.

పోరులో ఎవరూ పోకపోతే ఏమవుతుంది?

మెలీ అవుతుంది. సీసీ కౌంటర్‌ను తిప్పి మెలీ వైపు పెట్టండి. ఆ హెక్స్‌లో ఉన్న రెండు వైపులవాళ్ళూ అక్కడే చిక్కుకుంటారు. కదలలేరు, బయటివాళ్ళ మీద కాల్చలేరు. తర్వాత వచ్చే ప్రతి క్లోజ్ కంబాట్ దశలో, అది ఎవరి టర్న్ అయినా సరే, పోరు మళ్ళీ జరుగుతుంది. అడ్వాన్స్ దశలో ఎవరైనా తమవాళ్ళకు సాయంగా దళాలు పంపవచ్చు, స్టాకింగ్ పరిమితి మించకుండా: ఒక్కో వైపుకు 3 స్క్వాడ్‌లు.

సమాన బలాలు తలపడితే మెలీ ఎంత తరచుగా వస్తుందో చూడండి. 1-1లో ఒక్కో వైపు 36లో 26సార్లు ఏమీ చేయలేదు. రెండు వైపులా ఒకేసారి గురి తప్పేది నూటికి సుమారు 52సార్లు. అంటే సమానుల పోరు సగానికి పైగా సార్లు తేలకుండానే మిగిలిపోతుంది. ఇంటిని ఈ టర్న్‌లోనే పట్టుకోవాలంటే 1-1తో దిగడం వృథా.

అలా తేలకపోవడమే మనకు కావలసినప్పుడూ ఉంటుంది. అవతల ఒక దళం మెషిన్ గన్‌తో వీధంతా మూసేసింది. దాని పక్కకు చేరిన సగం స్క్వాడ్‌ను లోపలికి పంపామనుకోండి. 2కి 4, గెలుస్తుందన్న ఆశ లేదు. ఎదుటి దాడి 2-1, 7 వచ్చినా సగం స్క్వాడ్ పోతుంది కాబట్టి 36లో 21సార్లు అది చస్తుంది. కానీ మిగిలిన 15సార్లు ఆ మెషిన్ గన్ మెలీలో చిక్కుతుంది, వాడి టర్న్‌లో కాల్చదు, మన మిగతా దళాలు వీధి దాటుతాయి. కౌంటర్ మీద గీసిన మనుషులే అయినా పంపేటప్పుడు మనసు పీకుతుంది. ఆ బాధ పెట్టడమే ఈ ఆట గొప్పతనం అని నా నమ్మకం.

మెలీ మీదికి బయటినుంచి కాల్చవచ్చా, భాయ్?

రాయగడ నుంచి ఆడే ఒడియా మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. కాల్చవచ్చు. కానీ ఆ కాల్పులు ఆ హెక్స్‌లో ఉన్న రెండు వైపులవాళ్ళకూ తగులుతాయి. మనవాళ్ళను తప్పించి శత్రువునే ఏరి కొట్టడం లేదు.

మెలీ నుంచి తప్పుకోవడం ఎలా?

ఇప్పటికే మెలీలో ఉన్న దళం విత్‌డ్రా ప్రకటించవచ్చు. అలా ప్రకటిస్తే అది దాడి చేయదు, దాని మీద వచ్చే దాడిలో మాత్రం పాచికల్లోంచి 2 తీసేస్తారు. బతికితే శత్రువు లేని పక్క హెక్స్‌లోకి వెళ్తుంది. కబడ్డీలో కూతకెళ్ళినవాడు వెన్ను చూపి గీత వైపు ఉరికినప్పుడు పట్టుబడే అవకాశం ఎలా పెరుగుతుందో ఇక్కడా అలాగే. 1-1లో మామూలుగా 4 లేదా అంతకన్నా తక్కువ వస్తేనే పోయే దళం, తప్పుకుంటున్నప్పుడు 6 దాకా వచ్చినా పోతుంది.

ఈ టర్న్‌లోనే కొత్తగా లోపలికి దిగి, ఇంకా మెలీ కానివాళ్ళకు ఈ దారి లేదు, మాటు దొరికితే తప్ప. బ్రోకెన్ దళం ఈ పోరులో దాడి చేయలేదు, తప్పుకునే ప్రయత్నం ఒక్కటే దానికి మిగిలేది.

రెండు పాచికలూ కలిపి 2 వస్తే, 12 వస్తే ప్రత్యేకం ఏమైనా ఉందా?

పూర్తి నియమాల్లో ఉంది. దాడి చేసినవాడికి కలపక తీయకముందు 2 పడితే, అతని దళం ఆ పోరు నుంచి జారుకునే అవకాశం వస్తుంది. 12 పడితే ఆ అవకాశం అవతలివాళ్ళకు. రెండూ పడటం అరుదు, ఒక్కొక్కటి 36లో ఒక్కసారే. అందుకే ఎప్పుడూ మర్చిపోతాం. పడినప్పుడు గుర్తుచేయడం ఎదుటి ఆటగాడి మర్యాద అని మా మధ్య ఒప్పందం.

ఒకే హెక్స్, కానీ నేను పై అంతస్తులో, వాడు కింద. పోరు జరుగుతుందా?

జరగదు. హెక్స్ ఒకటే అయినా లొకేషన్లు వేరు. మెట్లెక్కి అతని అంతస్తులోకి అడ్వాన్స్ చేస్తేనే పోరు. బోర్డు మీద రెండు కౌంటర్లూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి కాబట్టి ఇక్కడ చాలామంది పొరబడతారు. లెవల్ కౌంటర్ పెట్టడం మానకండి.

ట్యాంకు మీదికి వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, లెక్క మాత్రం వేరు. ముందుగా దళం ట్యాంకు దగ్గరికి వెళ్ళే ధైర్యం ఉందో లేదో పాచికలతో పరీక్ష నెగ్గాలి. నెగ్గితే లోపలికి. అక్కడ నిష్పత్తి తీయరు. స్క్వాడ్‌కు 5, సగం స్క్వాడ్‌కు 4 అని స్థిరమైన అంకెలున్నాయి, సవరించిన పాచికలు అంతకన్నా తక్కువ రావాలి. దాడులు ఒకేసారి కాకుండా ఒకరి తర్వాత ఒకరు చేస్తారు. వాహనాల సవరణలు చాలా ఉన్నాయి, చార్ట్ పక్కన పెట్టుకునే ఆడండి.

ఖైదీలుగా పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. చంపడానికి బదులు పట్టుకుంటామని దాడి ప్రకటించేటప్పుడే చెప్పాలి, పాచికలకు 1 కలుస్తుంది. ఖైదీలకు కాపలా కూడా కాయాలి, కాబట్టి సీనారియోలో దానికి పాయింట్లుంటేనే ఆ దారి పట్టండి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇదంతా ఒకేసారి నేర్చుకోవాలా?

అక్కర్లేదు. 2004 నుంచి స్టార్టర్ కిట్ అని తక్కువ నియమాలతో పెట్టెలు వస్తున్నాయి. వాటితోనే మొదలుపెట్టండి. నిష్పత్తి, మెలీ, తప్పుకోవడం అందులోనూ ఉంటాయి. కన్సీల్‌మెంట్ మాత్రం అందులో లేదు, కాబట్టి పైన చెప్పినట్టు దాగి ఉండి మాటు వేసే మజా పూర్తి నియమాలకు వచ్చాకే దొరుకుతుంది. మా తమ్ముళ్ళకు నేర్పేటప్పుడు సీనారియో కూడా పెట్టం. ఒక ఇల్లు, అటు రెండు కౌంటర్లు, ఇటు రెండు కౌంటర్లు, ఒట్టి క్లోజ్ కంబాట్ పదే పదే. ఒక సాయంత్రంలో పట్టిక చూడకుండా అంకెలు చెప్పేస్తారు.

పాచిక పళ్ళెం దాటి కింద పడితే?

ఇది పుస్తకం తేల్చే విషయం కాదు, మనమే తేల్చుకోవాలి. మా దగ్గర గుడ్డ పరిచిన స్టీలు పళ్ళెంలోనే వేయాలి. ఒక్క పాచిక బయట పడినా, కౌంటర్ మీద ఒరిగి నిలబడినా, రెండూ మళ్ళీ వేయాలి. బయట పడ్డ పాచిక మీద ఎంత మంచి అంకె కనిపించినా లెక్కలోకి రాదు. ఆట మొదలుపెట్టకముందే ఈ మాట ఇద్దరూ అనుకోండి. ఆఖరి టర్న్‌లో, 2-1 పోరులో, పాచిక మంచం కిందికి దొర్లిపోయాక అనుకోవడం చాలా కష్టం.